గోల్స్ కొట్టేవాణ్ణి పంపించేశాక: ఒక సరిహద్దు హాకీ జట్టు కేసు

హాకీలో పెనాల్టీ కార్నర్ దొరికినప్పుడు గోల్ కొట్టేవాడి కోసం గోల్ పక్క బేస్‌లైన్ మీద నుంచి బంతిని తోసి పుష్ ఇచ్చే కుర్రాడు ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక కర్రకి టేపు చుట్టుకుంటూ నన్నొక మాట అడిగాడు. "సార్, నేను పుష్ సరిగ్గా ఇవ్వకపోతే, గోల్ కొట్టే ఆయనకి వెయ్యి రూపాయలు రావు కదా?" కోపంగా అడగలేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగాడు. "రావు" అన్నాను. "ఊఁ" అని మళ్ళీ టేపు పనిలో పడిపోయాడు. అప్పటిదాకా డబ్బిచ్చే పద్ధతి మారిస్తే ఈ జట్టు జబ్బు పోతుందనే అనుకున్నాను. ఆ రాత్రి నుంచి వేరే చోట వెతకడం మొదలుపెట్టాను.

దక్షిణ ఒడిశాలో, ఆంధ్రకి ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్టణం క్లబ్ జట్టు ఇది. ఊరి పేరు, క్లబ్ పేరు, ఆడిన టోర్నమెంట్ల పేర్లు రాయడం లేదు. ఆటగాళ్ళని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను. నేను పాతికేళ్ళుగా స్కూలు పిల్లలకీ క్లబ్బులకీ హాకీ నేర్పుతున్నవాణ్ణి. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. మా వైపు క్లబ్బులన్నీ ఇప్పుడు డబ్బు పెట్టి బయటి ఆటగాణ్ణి తెచ్చుకునే దారిలో ఉన్నాయి. తెచ్చుకోవాలా వద్దా, తెచ్చుకున్నవాణ్ణి ఎప్పుడు వదులుకోవాలి అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు నా దగ్గర లేదు.

ఊరు, జట్టు, డబ్బు

ఒడిశా హాకీ అంటే అందరికీ గుర్తొచ్చేది సుందర్‌గఢ్ జిల్లా. భారత జట్టుకి ఆడిన దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఇద్దరిదీ అక్కడి సౌనామరా అనే ఒకే ఊరు. ఆ పల్లెల్లో మేకపోతుని బహుమతిగా పెట్టి టోర్నమెంట్లు ఆడతారు. మా గజపతి, రాయగడ వైపు హాకీకి అంత పట్టు లేదు. పిల్లల చేతికి ముందు క్రికెట్ బ్యాటే వస్తుంది. 2018 నుంచి రాష్ట్ర ప్రభుత్వం భారత జట్లకి స్పాన్సర్‌గా నిలబడటం, 2023 జనవరిలో భువనేశ్వర్‌తో పాటు రూర్కెలాలో కూడా వరల్డ్ కప్ జరగడంతో మా దగ్గరా కదలిక వచ్చింది. మూలపడిన కర్రలు బయటికొచ్చాయి.

ఈ జట్టులో ఇరవై మంది దాకా ఉన్నారు. బజారులో దుకాణాలున్న తెలుగువాళ్ళ పిల్లలు, ఒడియా ఉద్యోగుల పిల్లలు, కొండ మీది ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో చదువుకునే సవర కుర్రాళ్ళు. గ్రౌండ్‌లో మూడు భాషలూ నడుస్తాయి. బంతి అడగాలంటే తెలుగు, తిట్టాలంటే ఒడియా, దెబ్బ తగిలితే ఎవరి భాష వాళ్ళది. టర్ఫ్ లేదు, స్కూలు గ్రావెల్ గ్రౌండే. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున ప్రాక్టీస్.

డబ్బు పెట్టేది ఒక రైసు మిల్లు యజమాని. అందరూ సావుకారు గారు అనే పిలుస్తారు. మంచి మనిషి, ఆట మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు. 2023 చలికాలం సీజన్‌కి ఆయన తెలిసినవాళ్ళ ద్వారా ఉత్తర ఒడిశా నుంచి ఒక ఆటగాణ్ణి రప్పించారు. అతన్ని ఇక్కడ ఫ్లిక్కర్ అంటాను. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్, అంటే బంతిని కర్రతో ఈడ్చుకొచ్చి గోల్‌లోకి విసిరినట్టు కొట్టడంలో అసలైన పనివాడు. మ్యాచ్‌కి ఐదు వేలు, గోల్‌కి వెయ్యి బోనస్, రానూపోనూ రైలు ఖర్చు, లాడ్జి. మిగతా కుర్రాళ్ళకి మ్యాచ్ రోజున నూటయాభై బత్తా, ఒక ప్లేటు బొరా ఘుగుని. క్లబ్ ఏడాది ఖర్చులో సగం దాకా ఒక్కడికే పోయేది.

డ్రాగ్ ఫ్లిక్ ఎందుకంత విలువైనదో హాకీ ఆడనివాళ్ళ కోసం ఒక మాట. కార్నర్‌లో ఒకడు బేస్‌లైన్ నుంచి పుష్ ఇస్తాడు, ఇంకొకడు ఆపుతాడు, మూడోవాడు గోల్‌కి కొడతాడు. గోల్ దగ్గర అడ్డుకోవడానికి కీపర్‌తో కలిపి ఐదుగురే ఉండాలి, మిగతావాళ్ళు సెంటర్ లైన్ అవతలికి పోవాలి. బంతిని హిట్ చేస్తే మొదటి షాట్ గోల్ లైన్ దగ్గర 460 మిల్లీమీటర్లకి మించి లేవకూడదు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, గోల్ పై మూలకైనా పంపొచ్చు. మా వైపు గోల్ కీపర్లలో చాలామందికి అలాంటి బంతి ఎదురైందే లేదు.

నన్ను పిలిచినప్పటి ఫిర్యాదు

డిసెంబర్‌లో నాకు కబురొచ్చింది. మొదట గెలిచి తర్వాత వరసగా ఓడుతున్నారు. సావుకారు గారి మాట ఇది: "గోల్స్ వస్తన్నాయి సారూ, కానీ ఇచ్చేస్తన్నాం. డిఫెన్స్ సరిలేదు. ఆ వైపు నుంచే ఇంకో కుర్రోణ్ణి తెప్పిద్దామా, మీరో మాట సెప్పండి."

వెంటనే అవుననలేదు, కాదనలేదు. ఒక జట్టు గురించి ఎవరైనా చెప్పేది వాళ్ళు ఎక్కడ కూర్చుని చూస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. సావుకారు గారు కూర్చునేది అవతలి జట్టు గోల్ వెనక, షామియానా కింద. అక్కడి నుంచి కార్నర్లు బాగా కనిపిస్తాయి. నేను హాఫ్‌లైన్ దగ్గర నేల మీద కూర్చుని ఆ సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు చూశాను. నోట్‌బుక్‌లో రెండే రాసుకున్నాను: మన బంతి పోయినప్పుడు ఎవరు ఎటు కదిలారు, అవతలి డీలోకి, అంటే గోల్ ముందున్న అర్ధవృత్తంలోకి వెళ్ళాక మనవాళ్ళు మొదట ఏం చేశారు.

మొదటి దానిలో కనిపించింది ఇదీ. ఫ్లిక్కర్ కుడి వైపు ఫార్వర్డ్‌గా ఆడేవాడు. బంతి పోగానే ఆగిపోయేవాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, కర్ర తలని బూటు కొనకి తాటించుకుంటూ నిలబడేవాడు. అవతలి ఎడమ హాఫ్ అతని పక్క నుంచే బంతి తీసుకుని పరిగెత్తేవాడు. ఆ ఎనిమిది మ్యాచ్‌లలో మేమిచ్చిన గోల్స్ 15. అందులో 9 ఆ వైపు నుంచి మొదలైనవే. మా రైట్ బ్యాక్‌ని అందరూ తిడుతున్నారు గానీ వాడు ప్రతిసారీ ఇద్దరికి ఒక్కడు.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. డీలోకి బంతి వెళ్ళాక మావాళ్ళు గోల్ వైపు చూడటం మానేశారు. డిఫెండర్ కాళ్ళు వెతుకుతున్నారు. డీలో డిఫెండర్ కాలికి బంతి తగిలితే కార్నర్ వస్తుంది, కార్నర్ వస్తే ఫ్లిక్కర్ ఉన్నాడు. ఒక మ్యాచ్‌లో మా సెంటర్ ఫార్వర్డ్ ఎదురుగా కీపర్ ఒక్కడే ఉన్నా పక్కకి తిరిగి, వెనక నుంచి వస్తున్న డిఫెండర్ బూటుకి గురిపెట్టి కొట్టాడు. తగిలింది. కార్నర్ వచ్చింది. ఫ్లిక్కర్ కొట్టాడు, గోల్ అయింది. జనం ఈలలు. ఆ కుర్రాడు నాకేసి చూసి నవ్వాడు, సరైన పనే చేశానన్నట్టు. ఆ మ్యాచ్ లెక్కలో వాడు చేసింది సరైనదే. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఎదురుగా ఉన్న గోల్‌ని వదిలి కాలిని వెతకడం నేర్చుకుంటున్నాడు.

ముందు చేసిన ప్రయత్నాలు

పంపించేయడం నా మొదటి సలహా కాదు. ఆటగాణ్ణి తీసేయమనడం కోచ్‌కి చాలా తేలిక, పని చేసినట్టు కనిపిస్తుంది. అతను తప్పు చేయడం లేదు కూడా. గోల్స్ కొట్టడానికి పిలిచారు, కొడుతున్నాడు. వెనక్కి పరిగెత్తమని అతనికి ఎవరూ చెప్పలేదు. డబ్బు గోల్‌కి ఇస్తూ ట్యాకిల్ ఎందుకు చేయలేదని అడగడం న్యాయం కాదు.

అందుకని ముందు డబ్బు ఇచ్చే పద్ధతి మార్చాం. గోల్ బోనస్ తీసేసి, మ్యాచ్ గెలిస్తే జట్టంతటికీ కలిపి కొంత అన్నాం. ఫ్లిక్కర్ ఒప్పుకున్నాడు, కానీ రెండో మ్యాచ్ తర్వాత సావుకారు గారు ఉత్సాహం ఆపుకోలేక షామియానా కింద నుంచి లేచొచ్చి అతని జేబులో వెయ్యి పెట్టారు. అందరూ చూశారు. పుష్ ఇచ్చే కుర్రాడు నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆ వారంలోనే. పద్ధతి కాగితం మీద మారింది, జేబు మారలేదు.

తర్వాత అతన్ని కార్నర్లకి మాత్రమే దింపుదామనుకున్నాం. హాకీలో ఆటగాళ్ళని ఎన్నిసార్లయినా మార్చొచ్చు కానీ, పెనాల్టీ కార్నర్ ఇచ్చాక అది పూర్తయ్యేదాకా ఫీల్డ్ ఆటగాళ్ళని మార్చడానికి వీల్లేదు. అంటే కార్నర్ వస్తుందని ముందే ఊహించి దింపాలి. రెండుసార్లు ఊహ తప్పింది. బెంచీ మీద అతను కూర్చుంటే జనం గోల చేశారు, అతనూ చిన్నబుచ్చుకున్నాడు. వేల రూపాయలు తీసుకునే మనిషిని పక్కన కూర్చోబెడితే పదకొండు మందీ బంతి వదిలి బెంచీ వైపు చూస్తారు. అది నేను ముందే ఊహించాల్సింది.

మూడోది, వెనక్కి రావడం నేర్పడం. అతనితో కూర్చుని మాట్లాడాను. నోట్‌బుక్ చూపించాను. శ్రద్ధగా విన్నాడు. "సార్, నేను మ్యాచ్ రోజు పొద్దున దిగుతాను, రాత్రి బండెక్కుతాను. వీళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలియవు. ఎవరు ముందుకొస్తే నేను వెనక్కి పోవాలో ఎలా తెలుస్తుంది?" అన్నాడు ఒడియాలో.

ఈ కేసులో అతి ముఖ్యమైన మాట అదే. చెప్పినవాడు అతనే.

అసలు విషయం అక్కడుంది. మా దగ్గర రెండు జట్లున్నాయి. వారానికి నాలుగు రోజులు ఫ్లిక్కర్ లేకుండా ప్రాక్టీస్ చేసే జట్టు ఒకటి, ఆదివారం ఫ్లిక్కర్‌తో ఆడే జట్టు ఇంకొకటి. మొదటి జట్టు నేర్చుకున్నది రెండో జట్టుకి పనికిరాదు. రెండో జట్టుకి కావలసినది మొదటి జట్టు నేర్చుకునే వీల్లేదు. అతని ఆట, అతని డబ్బు, అతని బద్ధకం అని ఎవరెన్ని చెప్పినా వాటన్నిటి కింద ఉన్నది ఇదే. అలాంటప్పుడు ఇంకో డిఫెండర్‌ని తెప్పిస్తే ఆదివారం జట్టు ఇంకాస్త దూరం జరుగుతుంది.

అందుకే దారి రెండే అన్నాను సావుకారు గారితో. అతన్ని సీజన్ మొత్తం ఇక్కడే ఉంచి ప్రాక్టీస్‌కి రప్పించాలి. లేదా వదులుకోవాలి. మొదటిదానికి లెక్క వేశాం. నెల జీతం, ఇంటి అద్దె, భోజనం కలిపితే క్లబ్ మోయలేదు. పైగా అతనికి వేరే జిల్లాల్లో మ్యాచ్‌లున్నాయి, అవి వదులుకోమనడానికి మేమెవరం?

"గోల్ కొట్టేవోణ్ణి పంపించేసి గోల్ ఎలాగ కొడతారు సారూ?" అన్నారాయన. "మొదట్లో కొట్టం" అన్నాను. ఆయనకి ఆ జవాబు నచ్చలేదు, కానీ అబద్ధం చెప్పి ఒప్పించి ఉంటే మూడు నెలల తర్వాత ఆయన నా మాట వినేవారు కాదు.

సీజన్ మధ్యలో పంపవద్దన్నాను. ఒప్పుకున్న మ్యాచ్‌లన్నీ ఆడించి, ప్రతి రూపాయీ ఇచ్చి, 2024 ఫిబ్రవరి చివర చెప్పాం. ఇక్కడ ఒక తప్పు జరిగింది, అది నాదే. అతను ఆఖరి మ్యాచ్ ఆడి వెళ్ళాక ఫోన్‌లో చెప్పాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట అది. ఫోన్‌లో ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే సార్, నేనేమైనా తప్పు చేశానా?" అన్నాడు. లేదని చెప్పాను. ఎదురుగా ఉంటే ఆ మాట నమ్మేవాడేమో.

పంపించాక ఫలించనివి

ఆ డబ్బులో కొంత గోల్ కీపర్ ప్యాడ్లకి, హెల్మెట్‌కి పెట్టాం. పాత ప్యాడ్లలో స్పాంజి అట్టముక్కలా అయిపోయింది, కుర్రాడు బంతికి కాలు అడ్డం పెట్టడానికి భయపడేవాడు. మిగతాది బత్తా పెంచడానికి, రెండు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల బస్సు ఖర్చుకి.

వేసవిలో నేను చేసిన పొరపాటు, కొత్త ఫ్లిక్కర్‌ని తయారు చేయాలనుకోవడం. ముగ్గురిని ఎంచుకుని రెండు నెలలు డ్రాగ్ ఫ్లిక్ నేర్పాను. గ్రావెల్ మీద అది దాదాపు అసాధ్యం. పుష్ వచ్చే దారిలో గులకరాళ్ళు లేకుండా రోజూ కొబ్బరి చీపురుతో రెండు బారెల వెడల్పున ఊడ్చేవాళ్ళం. అయినా ఆపేవాడి కర్ర దగ్గర బంతి ఎగిరేది. ఫ్లిక్కర్ అంత ఎగిరే బంతినీ సర్దుకోగలిగాడంటే అది ఏళ్ళ అనుభవం. ఒక కుర్రాడికి నడుం పట్టేసింది, వారం పడుకున్నాడు. అప్పుడు ఆపేశాను. ఒకణ్ణి తీసేసి అతని ఖాళీలో అచ్చం అలాంటివాణ్ణే నిలబెట్టాలని చూస్తే, ఖాళీ అలాగే ఉంటుంది గానీ ఆట మారదు.

పనికొచ్చినవి

2016, 2017 హాకీ ఇండియా లీగ్‌లో ఒక నియమం ఉండేది, ఫీల్డ్ గోల్ కొడితే రెండు గోల్స్‌గా లెక్క. దాన్ని మా ప్రాక్టీస్‌లోకి తెచ్చాను. కార్నర్ గోల్‌కి ఒకటి, ఆటలో కొట్టినదానికి రెండు. మొదటి వారం పిల్లలు అలవాటు కొద్దీ కాళ్ళే వెతికారు. రెండో వారం పుష్ ఇచ్చే కుర్రాడు డీ అంచు దగ్గర తిరిగి నేరుగా కొట్టాడు, గోల్ పక్క నుంచి పోయింది. అయినా జట్టంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు తేదీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కి రెండో క్వార్టర్‌లోనే రెడ్ కార్డ్ ఇచ్చారు. నలభై నిమిషాలకి పైగా భారత జట్టు పదిమందితో ఆడింది. స్కోరు 1-1 దగ్గర నిలబెట్టి షూటౌట్‌లో 4-2తో గెలిచింది. ఆ రికార్డింగ్‌ని మిల్లు ఆఫీసులో టీవీకి పెట్టి మావాళ్ళకి మూడుసార్లు చూపించాను. గోల్స్ చూడొద్దన్నాను. ఒక్కొక్కరికీ ఒక్కో భారత ఆటగాణ్ణి అప్పగించి, బంతి పోయినప్పుడల్లా అతను ఎటు పోయాడో గీతలు గీయమన్నాను. సవర కుర్రాడొకడు గీసిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, కోడి కెలికినట్టు గీతలన్నీ సొంత గోల్ వైపే. "సార్, ఈయన ఆడింది తక్కువ, పరిగెత్తింది ఎక్కువ" అన్నాడు.

మర్నాటి నుంచి ప్రాక్టీస్‌లో పదకొండు మందికి పదిమందిని దింపడం మొదలుపెట్టాం. తక్కువ ఉన్న జట్టు మూడు నిమిషాలు గోల్ ఇవ్వకపోతే వాళ్ళు గెలిచినట్టు. జట్టు బిగిసింది ఇక్కడే అని నా నమ్మకం. ఎవరు ముందుకొస్తే ఎవరు వెనక్కి పోవాలో చెప్పక్కర్లేకుండా తెలిసింది. ఫ్లిక్కర్ నన్ను అడిగిన ప్రశ్నకి జవాబు, అతను లేని చోట దొరికింది.

కార్నర్లకి ఫ్లిక్ వదిలేశాం. ఆపిన బంతిని పక్కకి జరిపి నేల మీద గట్టిగా హిట్, లేదా పుష్ ఇచ్చినవాడికే తిరిగి పాస్. అందమైనవి కావు. పుష్ ఇచ్చినవాడికి కూడా గోల్ కొట్టే అవకాశం ఉందనేది మాత్రం వాడి నడకలో కనిపించింది. ఇంతకు ముందు గోల్ అయినప్పుడు అందరూ ఫ్లిక్కర్ మీదికి ఉరికితే, వాడొక్కడే బేస్‌లైన్ నుంచి తల దించుకుని సెంటర్‌కి నడిచివచ్చేవాడు.

తడబడిన వారాలు

అక్టోబర్‌లో హాకీ ఇండియా లీగ్ వేలం జరిగింది. భారత జట్టులో డ్రాగ్ ఫ్లిక్ కొట్టే హర్మన్‌ప్రీత్ సింగ్‌ని సూర్మా హాకీ క్లబ్ 78 లక్షలకి కొనుక్కుంది, ఆ వేలంలో అదే అన్నిటికంటే పెద్ద ధర. సావుకారు గారు పేపర్ పట్టుకుని నేరుగా గ్రౌండ్‌కి వచ్చారు. "సూడండి, 78 లక్షలు. మనం ఐదు వేలకి వద్దన్నాం."

ఆ ప్రశ్న న్యాయమైనదే. పారిస్‌లో హర్మన్‌ప్రీత్ పది గోల్స్ కొట్టాడు, కంచు పతకం మ్యాచ్‌లో స్పెయిన్ మీద వచ్చిన రెండు గోల్స్ అతనివే. అలాంటివాణ్ణి వదులుకోమని నేనే కాదు, ఎవరూ చెప్పరు. కానీ హర్మన్‌ప్రీత్ ఫుల్ బ్యాక్. మ్యాచ్‌లో ఎక్కువ భాగం సొంత గోల్ కాపలా కాసి, కార్నర్ వస్తే ముందుకొస్తాడు. శిబిరాల్లో నెలల తరబడి అదే జట్టుతో ఉంటాడు. ఎక్కువ డబ్బు తీసుకునే స్కోరర్ అనే మాట ఇద్దరికీ వర్తిస్తుంది, చేసే పని ఒకటి కాదు. ఇదే చెప్పాను ఆయనకి. పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నారు, ఒప్పుకున్నట్టు మాత్రం కాదు.

నవంబర్‌లో మొదటి టోర్నమెంట్. మొదటి మ్యాచ్‌లోనే 0-2తో ఓడి ఇంటికొచ్చాం. ఆ రాత్రి ఆయన ఫోన్ చేసి ఫ్లిక్కర్ నంబర్ అడిగారు. నేను ఇవ్వనని చెప్పలేదు. ఇంకో రెండు టోర్నమెంట్లు ఆగమని అడిగాను, ఒక కథ చెప్పాను. అది మంచు మీద ఆడే హాకీ, మన ఆట కాదు, ఆరుగురే ఆడతారు. 1988 ఆగస్టులో కెనడాలోని ఎడ్మంటన్ ఆయిలర్స్ తమ వేన్ గ్రెట్జ్కీని లాస్ ఏంజెలిస్ కింగ్స్‌కి ఇచ్చేసింది. ఆ ఆటలో అంత పేరున్నవాడు మరొకడు లేడు. మరుసటి ఏడు ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే అదే లాస్ ఏంజెలిస్ చేతిలో ఎడ్మంటన్ ఓడిపోయింది. 1990లో అతను లేకుండానే ఎడ్మంటన్ ఆ ఆటలో పెద్ద కప్పు, స్టాన్లీ కప్ గెలిచింది. "రెండేళ్ళు ఆగమంటారా ఏటి?" అన్నారాయన. రెండు నెలలు చాలన్నాను. ఆగారు. ఈ కేసులో కష్టమైన పని చేసింది ఆయనే, ఎందుకంటే ఊళ్ళో అందరూ ఆయన్నే అడుగుతున్నారు.

లెక్కలు, వాటి మీద నా సందేహాలు

ఫ్లిక్కర్ ఉన్న సీజన్‌లో 11 మ్యాచ్‌లు. కొట్టిన గోల్స్ 19, ఇచ్చినవి 21. పంతొమ్మిదిలో 14 అతనివే, మొత్తం గోల్స్ కొట్టినవాళ్ళు ముగ్గురు. నాలుగు గెలుపులు, రెండు డ్రా, ఐదు ఓటములు.

అతను లేని సీజన్‌లో 12 మ్యాచ్‌లు. కొట్టినవి 17, ఇచ్చినవి 11. గోల్స్ కొట్టినవాళ్ళు ఎనిమిది మంది. ఆరు గెలుపులు, మూడు డ్రా, మూడు ఓటములు. కప్పు రాలేదు. ముందు ఏడాది క్వార్టర్ ఫైనల్లో పోయిన టోర్నమెంట్‌లోనే సెమీఫైనల్‌కి వెళ్ళి ఓడాం.

జట్టు బాగుపడిందా అంటే బాగుపడింది. అతను వెళ్ళడం వల్లేనా అంటే, అంత ధైర్యంగా చెప్పలేను. పన్నెండు మ్యాచ్‌లు చిన్న లెక్క. కీపర్‌కి కొత్త ప్యాడ్లొచ్చాయి. పిల్లలకి ఒక ఏడాది వయసు పెరిగింది. నేను సీజన్ మొదటి నుంచీ ఉన్నాను. ఇవన్నీ ఒకేసారి జరిగాయి.

మంచు హాకీలోనే ఇంకో కేసు ఈ విషయంలో నన్ను జాగ్రత్తపరిచింది. 2018లో స్టార్ ఆటగాడు జాన్ టవారెస్ న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుని వదిలి ఏడేళ్ళకి 7.7 కోట్ల డాలర్లకి టొరంటోకి వెళ్ళాడు. మరుసటి సీజన్‌లో ఐలాండర్స్ 80 పాయింట్ల నుంచి 103కి ఎగబాకింది. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు, అందరికంటే తక్కువ ఇచ్చిన జట్టయింది, 296 నుంచి 196కి దిగింది. స్టార్ పోతే బాగుపడ్డారని చాలామంది చెప్పుకుంటారు. కానీ అదే వేసవిలో బ్యారీ ట్రాట్జ్ కొత్త కోచ్‌గా వచ్చాడు, కొత్త గోల్ కీపర్ వచ్చాడు. కొట్టే గోల్స్ తగ్గాయి కూడా. టవారెస్ ఉండగా ట్రాట్జ్ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. మా కేసూ అంతే. గోల్స్ మాకూ తగ్గాయి, ఇచ్చేవి అంతకంటే బాగా తగ్గాయి.

నాకు గట్టిగా తెలిసిందల్లా ఆ రెండు జట్లు ఒకటవడం. అందుకే ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళని తిరిగి నేను అడిగే మొదటి ప్రశ్న, ఆయన ఎన్ని గోల్స్ కొడతాడని కాదు, వారంలో ఎన్ని రోజులు మీతో ప్రాక్టీస్ చేస్తాడని. నాలుగు రోజులూ వస్తాడంటే పెట్టండి డబ్బు, నేనేం అడ్డు చెప్పను. రానంటే, అతని బంతి పోయాక ఆ వైపు ఎవరు కాపలా కాస్తారో ముందే తేల్చుకోండి. తేల్చకపోతే ఆ తిట్లన్నీ ఒక రైట్ బ్యాక్ కుర్రాడికి పోతాయి. గోల్‌కి బోనస్ పెడితే మాత్రం పుష్ ఇచ్చినవాడికీ ఆపినవాడికీ అందులో వాటా ఉండాలి, లేదా అసలు బోనస్ వద్దు. సావుకారు గారికి ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "ఆ కుర్రోడికి నేను బాకీ పడ్డానన్నమాట" అన్నారు. మర్నాడు వాడికి కొత్త బూట్లు కొన్నారు.

ఫ్లిక్కర్ మరో జట్టు తరఫున మా మీద ఒక మ్యాచ్ ఆడాడు. రెండు కార్నర్లు ఇచ్చాం, ఒకటి గోల్ చేశాడు. మావాళ్ళూ ఒకటి కొట్టారు, డ్రా. మ్యాచ్ అయ్యాక నేనే వెళ్ళి, ఫోన్‌లో చెప్పినందుకు క్షమించమన్నాను. "పర్వాలేదు సార్" అని, మా రైట్ బ్యాక్‌ని చూపించి "ఇతని పేరేంటి? ఈసారి ఒక్కసారి కూడా దాటలేకపోయాను" అన్నాడు. పేరు చెప్పాను.

ఇప్పుడు ఈ కేసులో ఇంకో ముడి పడింది. మావాళ్ళలోనే ఒక పదిహేడేళ్ళ కుర్రాడి హిట్ బాగా పదునెక్కింది. పక్క జిల్లాలో ఒక జట్టు మ్యాచ్‌కి రెండు వేలు ఇస్తామని పిలిచింది. వాళ్ళ నాన్నది మిషన్ మీద బట్టలు కుట్టే పని. మొన్న సాయంత్రం ఆయన గ్రౌండ్‌కి వచ్చి, "పంపించమంటారా సారూ? ఇంటికి రెండు వేలంటే తక్కువ కాదు" అన్నారు. ప్రాక్టీస్ ఎప్పుడంటున్నారని అడిగాను. "ప్రాక్టీస్ ఏదీ లేదట. మేచ్ రోజు పొద్దున్నే వస్తే చాలన్నారు."

పంపొద్దని చెప్పే హక్కు నాకు లేదు. కుర్రాడి చేతిలో ఉన్నది వాడి విద్య, దానికి డబ్బొస్తే తీసుకోవచ్చు. నా దగ్గరున్న ఫ్లిక్కర్ నంబర్ ఆయనకి రాసిచ్చాను, అలా ఊళ్ళు తిరిగి ఆడటం ఎలా ఉంటుందో అతన్నే అడగమన్నాను. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో కత్తెర పక్కన పెట్టుకున్నారు. గురువారం ప్రాక్టీస్‌కి కుర్రాడు అందరికంటే ముందొచ్చి చీపురు తీశాడు. ఏం నిర్ణయించుకున్నారో నేనింకా అడగలేదు.